ఏ పోగుకు ఎంత? అమెరికా రేవులో ఆడవాళ్ల అల్లిక దుస్తుల సుంకం

ఒకే కుట్టుమిషన్ మీద కుట్టిన రెండు ఆడవాళ్ల టీ షర్టులు అమెరికా రేవులో దిగాయనుకుందాం. ఒకదాని బట్టలో 51 శాతం కాటన్, 49 శాతం పాలిస్టర్. రెండోదానిలో రెండూ సరిసగం. చేత్తో పట్టుకుని చూస్తే ఏది ఏదో బట్టల వ్యాపారంలో తలపండినవాళ్లు కూడా చెప్పలేరు. కస్టమ్స్ మాత్రం మొదటిదాని మీద 16.5 శాతం సుంకం వేస్తుంది, రెండోదాని మీద 32 శాతం. ఎగుమతి ధర ఐదు డాలర్లయితే మొదటి చొక్కాకు 82 సెంట్ల పైచిలుకు, రెండోదానికి డాలరూ అరవై సెంట్లు. రెండు చొక్కాల మధ్య ఉన్నది ఒక్క శాతం పోగు.

దిగుమతి దుస్తుల వర్గీకరణ అనగానే అది గుమాస్తాల పని, కోడ్ నంబర్ల పని అని చాలామంది పక్కన పెట్టేస్తారు. ఆ పట్టికలనూ, వాటి మీద వచ్చిన కస్టమ్స్ నిర్ణయాలనూ, కోర్టు తీర్పులనూ చదివాక నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. ఏ వస్త్రం ఏమిటో తేల్చే నియమాలు చాలా శ్రద్ధగా రాసినవి, నేర్చుకుంటే ఎవరికైనా అర్థమయ్యేవి. వాటికి తగిలించిన రేట్లు మాత్రం అన్యాయమైనవి. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లే ఎగుమతిదారులు అనవసరంగా నష్టపోతున్నారు, అసలు మార్చాల్సింది మారకుండా మిగిలిపోతోంది.

ప్రపంచంలో దాదాపు అన్ని దేశాల కస్టమ్స్‌కూ పునాది ఒకటే: బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే హార్మోనైజ్డ్ సిస్టమ్. 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అమెరికా తన పాత పట్టికను పక్కనపెట్టి 1989లో ఇందులో చేరింది. కోడ్‌లో మొదటి ఆరంకెలు అందరికీ ఉమ్మడి, ఆ తర్వాతి అంకెలు ఏ దేశానివి ఆ దేశానివి. విజయవాడలోనో వరంగల్‌లోనో బట్టల షాపు ఇచ్చే జీఎస్‌టీ బిల్లు మీద హెచ్‌ఎస్‌ఎన్ అని కనిపించే నంబరు కూడా ఈ చెట్టు కొమ్మే. అక్కడ 61తో మొదలైతే అల్లిక దుస్తులు, 62తో మొదలైతే నేత దుస్తులు. పడుగూ పేకా ఉంటే నేత. పోగును లూపులు లూపులుగా ఒకదాన్లోంచి ఒకటి లాగుతూ పోతే అల్లిక. బనియన్, టీ షర్టు, లెగ్గింగ్, స్వెటర్ 61లోకి వస్తాయి. జాకెట్టు, జీన్స్, కాటన్ కుర్తా 62లోకి పోతాయి. బ్రాసరీ ఒక్కటే పెద్ద మినహాయింపు: అల్లికైనా నేతైనా దాని చోటు 62వ అధ్యాయంలోని 6212.

61వ అధ్యాయంలో ఆడవాళ్ల దుస్తులకు ముఖ్యమైన శీర్షికలు కొన్నే. 6104లో సూట్లు, డ్రెస్సులు, లంగాలు, ప్యాంట్లు. 6106లో బ్లౌజులు, షర్టులు. 6108లో లోదుస్తులు, నైటీలు, పైజామాలు. 6109లో టీ షర్టులు, ట్యాంక్ టాప్‌లు. 6110లో స్వెటర్లు, పుల్‌ఓవర్లు, వాటిలాంటివి. 6112లో ఈత దుస్తులు. వీటిలో దేనికీ చెందనివి 6114లో. ఈ గడుల మధ్య గోడలు ఎక్కడున్నాయన్నదే అసలు చర్చ. గోడ ఒకపక్క 10.8 శాతం, మరోపక్క 32 శాతం ఉండొచ్చు గనక ఆ గోడ ఒక్క అంగుళం అటో ఇటో జరిగితే వ్యాపారాలే తారుమారవుతాయి.

మొదటి గోడ పోగుది. జౌళి వస్తువులన్నిటికీ వర్తించే పదకొండో విభాగం రెండో నోటు ప్రకారం, మిశ్రమ బట్టలో బరువులో ఏ పోగు ఎక్కువుంటే వస్త్రమంతా ఆ పోగుదే అన్నట్టు లెక్కగట్టాలి. ఏదీ ఎక్కువ కాకుండా సమానంగా ఉంటే, సమానార్హత ఉన్నవాటిలో పట్టికలో చివర వచ్చేది తీసుకోవాలి. కాటన్ 52వ అధ్యాయం, కృత్రిమ పోగులు 54, 55. అందువల్ల సరిసగం చొక్కా కృత్రిమ పోగు చొక్కా అయిపోతుంది, 32 శాతం కడుతుంది. అమెరికా పాత పట్టికలో బట్టలకు బరువు కాకుండా విలువ ప్రాతిపదికగా ఉండేది. తిరుప్పూరులో ఇప్పటికీ 60:40 కాటన్-పాలిస్టర్ బట్టను సీవీసీ అంటారు, ప్రధాన విలువ కాటన్‌ది అన్న అర్థంలో. నియమం బరువుకు మారి 35 ఏళ్లు దాటినా వ్యాపారం నోట్లో పేరు మిగిలింది. ఆ 60:40 నిష్పత్తి అంతగా వాడుకలో నిలవడంలో సుంకం పాత్ర తక్కువేమీ కాదు.

అమెరికా తన సొంత అంకెల్లో పెట్టుకున్న గోడలు మరీ విచిత్రమైనవి. ఆడవాళ్ల సింథటిక్ స్వెటర్‌కు 32 శాతం. అదే స్వెటర్‌లో బరువులో 23 శాతం ఉన్ని కలిపితే 17 శాతానికి దిగుతుంది. 30 శాతం పట్టు కలిపితే 6.3 శాతం. కాటన్ స్వెటర్‌కు 16.5 శాతం, అందులో 36 శాతం అవిసె పోగు కలిపితే 5 శాతం. పూర్తిగా కాశ్మీరీ మేక ఉన్నితో అల్లినదానికి 4 శాతం. 70 శాతమో అంతకు మించో పట్టు ఉన్నదానికి 0.9 శాతం. ఈ వరసను నెమ్మదిగా మళ్లీ ఒకసారి చదవమని పాఠకులను కోరుతున్నాను. న్యూయార్క్ ఖరీదైన దుకాణంలో కాశ్మీరీ స్వెటర్ కొనుక్కునే ఆవిడ కట్టేది నాలుగు శాతం. చలికాలం పిల్లల్ని బడికి పంపి తానూ పనికి పోవడానికి చవక అంగడిలో యాక్రిలిక్ స్వెటర్ కొనుక్కునే ఆవిడ కట్టేది 32 శాతం. అమెరికన్ ఆర్థికవేత్త ఎడ్వర్డ్ గ్రెసర్ 2002లోనే ఈ సంగతి రాశారు: ఆ దేశపు సుంకాల భారం ఎక్కువగా పేదల మీదే పడుతోందని. అప్పటినుంచీ ఆ మాట తప్పని గట్టిగా నిరూపించినవాళ్లు లేరు. రేట్లూ పెద్దగా కదల్లేదు.

ఎందుకిలా? పట్టు, కాశ్మీరీ దుస్తులకు అమెరికాలో పోటీపడే పరిశ్రమ పెద్దగా లేదు, కాబట్టి రక్షణ అడిగినవాళ్లూ లేరు. కాటన్ మిల్లులు, ఆ తర్వాత కృత్రిమ పోగుల కంపెనీలు బలంగా ఉండేవి, అడిగి సాధించుకున్నాయి. ఉరుగ్వే రౌండు అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం తర్వాత తగ్గింపులు పదేళ్ల పాటు మెట్లు మెట్లుగా జరిగినప్పుడు కాటన్ స్వెటర్ 20.7 నుంచి 16.5కు దిగింది. సింథటిక్ స్వెటర్ 34.2 నుంచి 32కే దిగింది. కాపాడమని అడిగిన అల్లిక మిల్లుల్లో చాలా భాగం తర్వాత మూతపడ్డాయి. వాటికోసం కట్టిన గోడ మాత్రం నిలబడే ఉంది.

రెండో గోడ ఆకారానిది. ఇక్కడ నియమాలు రాసినవాళ్ల శ్రద్ధ నిజంగా మెచ్చుకోదగ్గది. 61వ అధ్యాయం నాలుగో నోటు ప్రకారం, నడుము కింద జేబులున్నదీ, అడుగున రిబ్బు గానీ బిగించే ఏర్పాటు గానీ ఉన్నదీ, సెంటీమీటరుకు సగటున పది లూపుల కన్నా తక్కువున్న వదులు అల్లికా 6106లో బ్లౌజు కాజాలదు. లూపులు అడ్డంగా, నిలువుగా రెండువైపులా లెక్కపెట్టాలి, అదీ కనీసం పది సెంటీమీటర్ల చదరంలో. 2022 సవరణలో షర్టు అంటే ఏమిటి, బ్లౌజు అంటే ఏమిటి అన్న నిర్వచనాలు కూడా చేర్చారు: షర్టుకు చేతులుండాలి, మెడ దగ్గర మొదలయ్యే పూర్తి చీలికో సగం చీలికో ఉండాలి, బ్లౌజు వదులుగా ఉంటుంది, చేతులు లేకపోయినా ఫరవాలేదు. స్వెటర్ల విషయంలో అమెరికా ఇంకో కొలత పెట్టుకుంది. లూపు ఏర్పడిన దిశలో రెండు సెంటీమీటర్లకు తొమ్మిదో అంతకన్నా తక్కువో ఉంటే అది గణాంకాల్లో స్వెటర్. భూతద్దం పెట్టుకుని లూపులు లెక్కపెట్టే అధికారి తన ఇష్టాయిష్టాలతో నిర్ణయం చేయడు. హైదరాబాదులో లెక్కపెట్టినా న్యూయార్క్‌లో లెక్కపెట్టినా అంకె ఒకటే వస్తుంది. నియమాలు న్యాయంగా ఉన్నాయని నేననడానికి కారణం ఇదే.

డబ్బులోకి మార్చి చూద్దాం. కాలరూ, మెడ దగ్గర నాలుగు గుండీలూ ఉన్న ఆడవాళ్ల కాటన్ అల్లిక షర్టుకు 19.7 శాతం. దానికే నడుము కింద ఒక చిన్న జేబు కుడితే 6106 నుంచి బయటపడి 6110లోకి పోతుంది, 16.5 శాతం. కాలరూ గుండీలూ తీసేసి మామూలు టీ షర్టు చేసినా 16.5 శాతమే. నడుము దాకా రాని పొట్టి టాప్ అయితే టీ షర్టు కూడా కాదు, 6114లో పడి 10.8 శాతానికి దిగుతుంది. సింథటిక్ బట్టలో అదే పొట్టి టాప్‌కు 28.2 శాతం, నిండు టాప్‌కు 32 శాతం. నేత దుస్తుల్లో జేబు మహిమ ఇంకా పెద్దది. ఆడవాళ్ల సింథటిక్ బ్లౌజుకు 26.9 శాతం ఉంటే, నడుము కింద జేబున్నది 16 శాతం గడిలోకి పోతుంది. అందుకే కొన్ని అమెరికన్ కంపెనీల షర్టులకు నడుము దగ్గర ఎందుకూ పనికిరానంత చిన్న జేబు కనిపిస్తుంది. ఆ వ్యాపారంలో దాన్ని నర్స్ జేబు అంటారు.

ఇది మోసమా? కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1881లో మెరిట్ వర్సెస్ వెల్ష్ కేసులోనూ, 1912లో సిట్రోయెన్ కేసులోనూ తేల్చిన సూత్రం ఇప్పటికీ నిలిచి ఉంది: వస్తువు రేవుకు వచ్చిన స్థితిలో నిజంగా ఏమిటో దాన్నిబట్టే సుంకం. తక్కువ సుంకం పడేలా వస్తువును నిజంగానే అలా తయారుచేస్తే తప్పులేదు, వేషం వేయించి తెస్తే తప్పు. 2019లో ఒక కార్ల కంపెనీ వ్యాన్ల కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ గీతను మరోసారి గట్టిగా గీసింది. వెనక సీట్లు పెట్టి ప్యాసింజర్ బండిగా దించి, రేవు దాటగానే సీట్లు పీకేస్తే అది సరుకు బండే అని తీర్పిచ్చింది. దుస్తుల విషయంలో దీని అర్థం స్పష్టం. వాడే వ్యక్తి చేతికి ఆ జేబుతోనే చేరే చొక్కా న్యాయమైనది. రేవు దాటాక విప్పేసేలా వదులుగా కుట్టిన జేబు న్యాయమైనది కాదు.

ఆకారం గోడలో అన్నిటికన్నా పెద్ద తేడా పొడవులో ఉంది, మన కుర్తీలు కుట్టేవాళ్లకు ఇది ముఖ్యం. సింథటిక్ అల్లిక టాప్‌కు 32 శాతం, సింథటిక్ అల్లిక డ్రెస్సుకు 16 శాతం. సరిగ్గా సగం. కాటన్‌లో టాప్ 16.5, డ్రెస్సు 11.5. మరి పొడుగు ట్యూనిక్ టాపా, డ్రెస్సా? కింద ఇంకేమీ వేసుకోకుండా ఒంటిని తగినంతగా కప్పుతుందా అన్నది చూస్తారు. తొడ సగందాకా వస్తుందా లేదా అన్నది కస్టమ్స్ నిర్ణయాల్లో తరచు కనిపించే కొలత. పక్కన నడుము దాకా చీలికలుంటే అంత పొడవున్నా డ్రెస్సు కాలేదు, ఎందుకంటే కింద లెగ్గింగో ప్యాంటో వేసుకోక తప్పదు. పక్క చీలికల కుర్తీకి లెగ్గింగ్ ఉండి తీరాలన్నది మన ఇళ్లలో ఏ ఆడపిల్లకైనా తెలిసిన సంగతి. కస్టమ్స్ తర్కమూ అదే.

ఆ లెగ్గింగ్ కూడా ప్యాంటు కిందే లెక్క: సింథటిక్ అయితే 28.2 శాతం, కాటన్ అయితే 14.9. టాపూ లెగ్గింగూ ఒకే సంచిలో సెట్టుగా అమ్మినా పదకొండో విభాగం పద్నాలుగో నోటు ప్రకారం విడదీసి, దేనికదే లెక్కగట్టాలి. బట్ట అల్లిక, రంగు, పోగుల మిశ్రమం, తీరు అన్నీ ఒకటై, కొలతలు జోడీగా ఉంటే వాటిని ఎన్‌సెంబుల్ అనవచ్చు. అప్పుడు కూడా అమెరికా పట్టిక విడివిడిగా వస్తే ఏ రేటు పడేదో అదే వేస్తుంది. ఆ శీర్షిక కోసం తాపత్రయపడి లాభం లేదు.

మూడో గోడ వాడుకది, అన్నిటికన్నా వాదనకు తావిచ్చేది ఇదే. కాటన్ నైటీకీ పైజామాకీ 8.5 శాతం. అదే పైజామా ఇంట్లో తిరగడానికి, వీధి చివర దాకా పోయి రావడానికి వేసుకునేదని తేలితే ప్యాంటు 14.9లోకి, టాప్ 16.5లోకి పోతాయి. 1985 నాటి మాస్ట్ ఇండస్ట్రీస్ తీర్పు దగ్గర్నుంచీ చూస్తున్నది ఒకటే: ఎవరికోసం, దేనికోసం డిజైన్ చేశారు, ఎలా ప్రకటించారు, షాపులో ఏ విభాగంలో వేలాడదీశారు? జేబులూ, మందం బట్టా, బయటికి వెళ్లగల తీరూ ఉంటే రాత్రి దుస్తు అన్న వాదన బలహీనపడుతుంది. ఇంట్లోంచి పనిచేసే అలవాటు పెరిగాక రాత్రి దుస్తుకూ పగటి దుస్తుకూ మధ్య గీత మసకబారింది. నియమం పాతకాలపు అల్మారాను ఊహించుకుని రాసింది. ఇక్కడ మాత్రం నియమాన్నే తిరిగి రాయాలి.

కోర్టుకెక్కిన కేసుల్లో రెండు ఆడవాళ్ల అల్లిక దుస్తులవే. మొదటిది బ్రాసరీ లోపలే కుట్టేసిన టాప్‌లది. దిగుమతిదారులు వాటిని 6212 కుటుంబంలో, బ్రాసరీలూ కార్సెట్లూ ఉన్న చోట చేర్చమన్నారు. ఆ శీర్షికలోని వస్తువులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణం ఒంటికి ఆధారమివ్వడం. ఈ టాప్ ఆధారమిస్తుంది, నిజమే, కానీ దాంతోపాటు పైన వేసుకునే బట్టలా ఒంటిని కప్పుతుంది కూడా. 2014లో ఫెడరల్ అప్పీలు కోర్టు దిగుమతిదారుల వాదనను తోసిపుచ్చింది. ఆ తర్కం నాకు సరైనదిగానే తోస్తుంది. రెండోది ఆడవాళ్ల స్వెటర్ల మీద క్రిస్మస్ చెట్లూ హాలోవీన్ గుమ్మడికాయలూ అల్లిన కేసు. మైకేల్ సైమన్ డిజైన్ అనే కంపెనీ అవి దుస్తులు కావు, సుంకం లేని పండగ వస్తువులు అని వాదించి 2006లో ట్రేడ్ కోర్టులో గెలిచింది, మరుసటి ఏడాది అప్పీలు కోర్టులోనూ నిలబెట్టుకుంది. కానీ ఈలోపే ప్రపంచ పట్టిక 2007 కూర్పు వచ్చింది. వాడుకగల దుస్తుల్ని పండగ వస్తువుల అధ్యాయం నుంచి తీసేశారు. ఒక చిన్న కంపెనీ గెలుపు, నియమం తిరగరాయడంతో కొద్దికాలంలోనే పాతబడిపోయింది.

ఇక ఆడా మగా అన్న గోడ. 61వ అధ్యాయం తొమ్మిదో నోటు ప్రకారం, ముందువైపు ఎడమ అంచు కుడిదాని మీదికి వస్తే మగవాళ్లది, కుడి అంచు ఎడమదాని మీదికి వస్తే ఆడవాళ్లది. కత్తిరింపులోనే ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంటే ఈ లెక్క అక్కర్లేదు. ఏదీ తేలకపోతే ఆడవాళ్ల శీర్షికలోకే. చాలా అల్లిక దుస్తుల్లో రెండు రేట్లూ ఒకటే: కాటన్ షర్టు ఎవరిదైనా 19.7. కానీ లోదుస్తుల్లో చూడండి. మగవాళ్ల కాటన్‌కు 7.4, ఆడవాళ్లకు 7.6. మగవాళ్ల సింథటిక్‌కు 14.9, ఆడవాళ్లకు 15.6. చిన్న తేడాలే, అయినా ఎందుకున్నాయో వివరించే కారణం ఎక్కడా కనిపించదు. గ్లవ్స్ విషయంలో ఇలాంటి తేడా మీద ఒక కంపెనీ రాజ్యాంగ సమానత్వం ఆధారంగా కేసు వేసింది. వివక్ష చూపాలన్న ఉద్దేశం ఉన్నట్టు చూపలేదని 2010లో అప్పీలు కోర్టు కొట్టేసింది. అమెరికా ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ ఆర్థికవేత్తలు 2018లో రాసిన పత్రం మాత్రం మొత్తం భారాన్ని లెక్కగట్టింది. 2015లో ఆడవాళ్ల దుస్తుల మీద పడిన సుంకం మగవాళ్ల దుస్తుల మీద పడినదానికంటే 277 కోట్ల డాలర్లు ఎక్కువ. కుటుంబాలు ఆడవాళ్ల బట్టల మీద పెట్టే ఖర్చూ ఎక్కువే, సగటు రేటూ ఎక్కువే. ఉద్దేశం ఉందా లేదా అని కోర్టు అడగొచ్చు. కట్టేవాళ్లకు ఆ ప్రశ్నతో పనిలేదు.

ఈ గోడలన్నీ ఇంత మందంగా ఎందుకున్నాయో తెలియాలంటే కోటాల కాలం గుర్తుచేసుకోవాలి. 1974 నుంచి మల్టీఫైబర్ ఒప్పందం, 1995 నుంచి దాన్ని క్రమంగా ఎత్తేసే ఒప్పందం, చివరికి 2005 జనవరి 1న పూర్తి ముగింపు. ఆ ముప్పై ఏళ్లూ ఏ దేశం ఏ రకం దుస్తులు ఎన్ని డజన్లు పంపవచ్చో అమెరికా నిర్ణయించింది. ఒక్కో రకానికి ఒక్కో కోటా నంబరు: 339 అంటే ఆడవాళ్ల కాటన్ అల్లిక చొక్కాలు, 639 అంటే కృత్రిమ పోగువి. మన దేశంలో ఆ కోటాలను దుస్తుల ఎగుమతి ప్రోత్సాహక మండలి పంచేది. మొదట ఒప్పందం కిందికి వచ్చినవి కాటన్, ఉన్ని, కృత్రిమ పోగులే. దాంతో 1980లలో చైనా, హాంకాంగ్‌ల నుంచి 55 శాతం రామీ, 45 శాతం కాటన్ స్వెటర్లు అమెరికాను ముంచెత్తాయి. రామీ అనేది ఒక మొక్క నార. బరువులో అదే ఎక్కువ గనక కోటా వర్తించలేదు. 1986లో రామీనీ ఒప్పందంలోకి లాగారు. చట్టం ఒక పోగు పేరు రాసిన ప్రతిసారీ పొలాల్లో, మిల్లుల్లో మరో పోగుకు గిరాకీ పుట్టింది. అంకెల పట్టికలో మార్పు రైతుదాకా ఎలా పోతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మన వైపుకొస్తే, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ దుస్తుల నగరంలో వేలాదిమంది ఆడవాళ్లు విదేశీ బ్రాండ్ల లోదుస్తులు కుడుతున్నారు. వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు కేరళ నుంచి కైటెక్స్, కొరియా నుంచి యంగ్‌వన్ వచ్చాయి. భారత ఎగుమతి ఇన్నాళ్లూ కాటన్ మీదే ఎక్కువగా నిలబడింది. ప్రపంచ మార్కెట్ కృత్రిమ పోగు వైపు పోతోంది కాబట్టి మనమూ అటు పోవాలని ప్రభుత్వాలు కొన్నేళ్లుగా ప్రోత్సాహకాలిస్తున్నాయి. ఆ దిశ తప్పనను. కానీ అమెరికా కోసం కుట్టేవాళ్లు ముందే చూసుకోవాలి: కాటన్ నుంచి పాలిస్టర్‌కు మారడమంటే టాప్‌లలో 16.5 నుంచి 32కు, ప్యాంట్లలో 14.9 నుంచి 28.2కు మారడం. సుంకం కట్టేది దిగుమతిదారే అయినా బేరం దగ్గర దాన్ని లెక్కవేసే ధర అడుగుతాడు. 2025 ఆగస్టులో భారత సరుకు మీద 25 శాతం, అదే నెల 27 నుంచి మరో 25 శాతం అదనంగా వేసినప్పుడు ఆ మొత్తం ఈ మూల రేట్ల పైన పడింది. కాటన్ టీ షర్టు 66.5కు, సింథటిక్ టాప్ 82కు చేరాయి. అలాంటి అదనాలు రాజకీయాలతో పాటు పెరుగుతాయి, తగ్గుతాయి. కింద ఉన్న మూల రేటు అలాగే ఉంటుంది.

అదే ఏడాది ఇంకో మార్పు మామూలు కుటుంబాల దాకా వచ్చింది. 2016 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికాలో సుంకం ఉండేది కాదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ వెసులుబాటు అన్ని దేశాలకూ పోయింది. 100 డాలర్ల లోపు బహుమతులు తప్ప మిగతా పార్సిళ్లు లెక్కలోకి వచ్చాయి. భారత తపాలా శాఖ కొన్ని వారాలపాటు అమెరికాకు మామూలు పార్సిళ్లు తీసుకోవడమే ఆపేసింది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇంట్లో కూర్చుని డాలస్, న్యూజెర్సీ ఖాతాదారులకు కుర్తీలు, లెగ్గింగ్‌లు పంపే ఆడవాళ్ల చిన్న వ్యాపారాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లు మొదటిసారిగా ఈ కోడ్‌ల భాష నేర్చుకోవాల్సి వచ్చింది. వాళ్ల కోసం తెలుగులో ఒక సులువైన పుస్తకం ఇంతవరకూ నాకు కనిపించకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

నేర్చుకోవడం కష్టమూ కాదు, ఖర్చూ కాదు. అమెరికా కస్టమ్స్ దగ్గర ముందస్తు నిర్ణయం అడగడానికి ఫీజు లేదు. దిగుమతిదారుడే కాదు, ఆ సరుకుతో నేరుగా సంబంధమున్న ఎగుమతిదారుడు కూడా అడగవచ్చు. నమూనా, పోగుల శాతాలు, అల్లిక వివరాలు పంపితే మామూలు కేసుల్లో న్యూయార్క్‌లోని నిపుణుల విభాగం 30 రోజుల్లో జవాబిస్తుంది, ఆ జవాబుకు రేవులోని అధికారులు కట్టుబడాలి. అంతకుముందు ఇచ్చిన వేల నిర్ణయాలు అందరూ వెతుక్కునేలా ఉంచారు. ఒక్కొక్కటి ఒకటి రెండు పేజీలే: స్టైల్ నంబరు, చేతుల పొడవు, మెడ తీరు, పోగుల శాతం, అంచు ఎలా కుట్టారు, చివర కోడూ రేటూ. మర్చండైజర్‌గా చేరే ప్రతి కుర్రవాడూ, ప్రతి అమ్మాయీ తమ దుస్తుల రకానికి సంబంధించి వీటిని ఓ పాతిక చదివితే, బట్ట కోయకముందే టెక్ ప్యాక్ (డిజైన్ వివరాల పత్రం) చూసి రేటు చెప్పగలుగుతారు. జేబు ఎక్కడ పెట్టాలి, పొడవు ఎంత ఉంచాలి, కాటన్ ఒక్క శాతం పెంచాలా అన్న మాటలు అప్పుడే అనుకోవాలి. సరుకు ఓడెక్కాక అనుకుంటే అవి మోసం కిందికి వస్తాయి. నిర్లక్ష్యంగా తప్పు చెబితే ఎగ్గొట్టిన సుంకానికి రెండింతల దాకా, ఘోర నిర్లక్ష్యమైతే నాలుగింతల దాకా, కావాలని చేసిన మోసమైతే సరుకు అమెరికా మార్కెట్ విలువ దాకా జరిమానా పడుతుంది. తేలిన లెక్క తప్పనిపిస్తే 180 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు.

వర్గీకరణ గీతలు ఐదారేళ్లకోసారి మారుతుంటాయి. తర్వాతి కూర్పు 2028 జనవరి 1న అమల్లోకి వస్తుంది. రేట్లు మాత్రం అలా వాటంతట అవి మారవు, అమెరికా కాంగ్రెసో, దేశాల మధ్య బేరమో కదిలిస్తేనే కదులుతాయి. అందుకే ఢిల్లీ నుంచి వాషింగ్టన్ వెళ్లే మన వాణిజ్య ప్రతినిధులు దుస్తుల మీద సగటు సుంకం తగ్గించమని అడిగి ఊరుకోకూడదు. 6110.30.30, 6109.90.10, 6106.20.20, 6104.63.20 అని కోడ్‌లు పేరుపేరునా చెప్పి, ఆ 32 శాతాన్నీ 28.2 శాతాన్నీ ముందు దించమని అడగాలి. అవి దిగితే వరంగల్‌లో సింథటిక్ టాప్ కుట్టే అమ్మాయికీ, ఒహాయోలో దాన్ని కొనుక్కునే ఆవిడకీ ఇద్దరికీ మేలు.